కోతల మధ్య ఎర్రనల్లి



వేసవి బెండ వేసినవాళ్ళకు మార్చి నడిమికి వచ్చేసరికి చేతినిండా పని. విత్తిన నలభై అయిదు రోజులకు అటూఇటూగా మొదటి కోత పడుతుంది. అక్కణ్ణించి రోజు విడిచి రోజు కోత. కాయ ఒక్కరోజు ఆలస్యమైతే ముదురుతుంది, ముదిరితే మార్కెట్లో అడిగేవాడుండడు. సరిగ్గా తోట ఇలా ఊపు మీద ఉన్నప్పుడే ఎండ ముదురుతుంది, ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. మందు కొట్టకపోతే తోట ఎండిపోతుందేమోనని గుబులు. కొడితే ఎల్లుండి కోసి సంతకు పంపే కాయ మీద ఆ మందు ఉంటుంది. అప్పుడేం చేయాలన్నదే ఈనాటి నా ప్రసంగం.

వరి రైతుకు కోత ఒక్కసారే. కోతకు ఇంకా నెలుందా, పది రోజులుందా అని లెక్కేసుకుని మందు ఆపేయవచ్చు. బెండ, వంగ, టమాటా, చిక్కుడు రైతుకు ఆ వెసులుబాటు లేదు. మొదటి బుట్ట నిండిన నాటి నుంచి తోట పీకేసే దాకా ప్రతిరోజూ కోతకు దగ్గరి రోజే. అందుకని కూరగాయల్లో నల్లి గురించి మాట్లాడేటప్పుడు ‘ఏ మందు కొట్టాలి’ అన్నది రెండో ప్రశ్న. ‘ఈ మందుకూ నా తర్వాతి కోతకూ మధ్య ఎన్ని రోజులున్నాయి’ అన్నది మొదటి ప్రశ్న. ఈ వరస తలకిందులు కావడం వల్లే డబ్బూ పోతోంది, తోటా పోతోంది, తినేవాళ్ళ ఆరోగ్యమూ పోతోంది.

ముందు శత్రువును సరిగ్గా గుర్తుపడదాం. బెండ ఆకు పసుపుపచ్చగా మారిందంటే అది నల్లే కానక్కరలేదు. ఆకు అంచులు పసుపుబారి, పైకి ముడుచుకుని, తర్వాత ఇటుకరంగు తిరిగితే అది పచ్చదోమ పని. ఈనెలు మాత్రమే పసుపు రంగు తేలి ఆకంతా వలలా కనిపిస్తే అది తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులు. నల్లి గుర్తు వేరు. ఆకు పైభాగాన సన్నని తెల్లచుక్కలు, లేత పసుపు చుక్కలు పడతాయి. చుక్కలు పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఆకు పాలిపోయి, రాగిరంగుకు తిరిగి, చివరికి ఎండి రాలుతుంది.

ఆకు తిప్పి చూడండి. ఈనెల పక్కన సన్నటి దుమ్ము పట్టినట్టుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే అది వట్టి దుమ్ము కాదని తెలుస్తుంది. తెల్లగా కనిపించేవి నల్లులు విడిచిన కుబుసాలు. గుండ్రంగా, నీటిబొట్టులా మెరిసేవి గుడ్లు. వాటి మధ్య మెల్లగా కదిలేవి నల్లులు. భూతద్దం లేకపోతే తెల్లకాగితం చాలు. ఆకును కాగితం మీద రెండు మూడుసార్లు తట్టండి. పడిన నలకల్లో కొన్ని నడవడం మొదలుపెడితే అవి నల్లులే. వేలితో నలిపితే కాగితం మీద ఎర్రటి గీత పడుతుంది. ఈమధ్య సెల్‌ఫోన్ కెమెరాలు కూడా బాగానే పనికొస్తున్నాయి. ఫోటో తీసి వేళ్ళతో సాగదీసి చూసుకోండి. ఇక సాలెగూడు లాంటి సన్నని దారాలు కొమ్మచివర్ల దాకా అల్లుకున్నాయంటే నల్లి వచ్చి చాలా రోజులైందని అర్థం.

ఒక ముఖ్యమైన సంగతి. ఎర్రనల్లి పురుగు కాదు. పురుగుకు ఆరు కాళ్ళు. పెరిగిన నల్లికి ఎనిమిది. ఇది సాలీడు, తేలు, గోమారి కుటుంబానికి చెందినది. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరు కాళ్ళుంటాయి. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పురుగుల కోసం తయారైన మందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు. షాపుకెళ్ళి ‘ఆకు ఎండుతోంది, ఏదైనా మంచి మందివ్వు’ అని అడిగితే చేతికొచ్చే సీసాల్లో సగం దీనికి సంబంధం లేనివే.

దీని సంతానం సంగతి కూడా వినండి. ఆడనల్లి పొడవు అరమిల్లీమీటరు. రెండు మూడు వారాల జీవితంలో దాదాపు వంద గుడ్లు పెట్టగలదు. గుడ్డు, పిల్ల, రెండు బాల్య దశలు దాటి పెద్దది కావడానికి చల్లటి రోజుల్లో రెండు మూడు వారాలు పడుతుంది. ముప్పై డిగ్రీలు దాటిన పొడి ఎండలో వారం, పది రోజులు చాలు. ఇంకో చిత్రం ఏమిటంటే, మగనల్లితో జతకట్టకపోయినా ఆడనల్లి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి మగవి మాత్రమే వస్తాయి. వాటితో జతకట్టి తర్వాత ఆడపిల్లల్ని కంటుంది. అంటే గాలికి కొట్టుకొచ్చిన ఒక్క ఆడనల్లి ఒక తోటంతటి నల్లికి మూలం కాగలదు. గాలికి కొట్టుకురావడం కూడా ఊరికే అన్న మాట కాదు. ఆకు మీద జాగా ఇరుకైనప్పుడు ఇవి కొమ్మచివరకు చేరి దారం వదిలి గాలిలో తేలిపోతాయి. లేదా కోత కోసే మనిషి చీరకో, చొక్కాకో, బుట్టకో అంటుకుని పక్క సాలుకు చేరతాయి.

మరి అన్ని తోటలకూ ఇంతగా ఎందుకు పట్టదు? ఒకే ఊళ్ళో ఒకరి బెండ పచ్చగా, ఇంకొకరిది రాగిరంగుగా ఎందుకుంటుంది? ఇక్కడే మన చేతుల్లో ఉన్న విషయాలు బయటపడతాయి.

మొదటిది దుమ్ము. మట్టిరోడ్డు పక్కనున్న సాళ్ళను గమనించండి. నల్లి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఆకు మీద దుమ్ము పేరుకుంటే నల్లిని తినే మిత్రజీవులు తిరగలేవు. రెండోది నీటి ఎద్దడి. తడి ఆలస్యమై వాడిన మొక్క మీద నల్లి వేగంగా పెరుగుతుంది. మూడోది యూరియా. కాయ బరువు పెరుగుతుందని ప్రతి రెండు కోతలకూ యూరియా చల్లితే ఆకులో నల్లికి కావలసిన పోషకం పెరుగుతుంది. 

నాలుగోది అన్నిటికంటే పెద్దది, మనం కొట్టే మందు. కాయతొలుచు పురుగు కోసమని సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు పదేపదే కొడతాం. అవి పురుగును చంపుతాయి. వాటితో పాటు నల్లిని తినే చిన్న నల్ల అక్షింతల పురుగును, అల్లిక రెక్కల పురుగును, నల్లి గుడ్లు తినే ఒక రకం తామర పురుగును, అన్నిటికీ మించి వేటనల్లులను తుడిచిపెడతాయి. ఎర్రనల్లి మాత్రం మిగిలిపోతుంది. వారం తిరక్కుండా తోటంతా అదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ లాంటి మందులు పొలాల్లోకి వచ్చేదాకా ప్రపంచంలో చాలాచోట్ల నల్లి ఒక చిన్న సమస్యగానే ఉండేది. దాన్ని పెద్ద సమస్య చేసింది మనిషి పిచికారీయే.

వేటనల్లి అన్నాను కదా, దాని గురించి ఒక్కమాట. ఆకు అడుగున ఎర్రనల్లులు కదిలీ కదలనట్టు ఉంటే, వాటి మధ్య నుంచి ఒకటి చకచకా పరిగెత్తుతుంది. నున్నగా మెరుస్తూ, ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉంటుంది. అది మన పక్షం. 1958లో చిలీ దేశం నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో పాటు ఇలాంటి వేటనల్లి ఒకటి, ఎవరూ పిలవకుండానే, ప్రయాణం చేసి వచ్చింది. ఎర్రనల్లిని అది ఎలా ఖాళీ చేస్తోందో చూసిన శాస్త్రవేత్తలు దాన్ని పెంచడం మొదలుపెట్టారు. ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే ఆ జాతిని ఇవాళ ఎన్నో దేశాల్లో గాజు ఇళ్ళలో దోస, స్ట్రాబెరీ, గులాబీ పంటల మీద వదులుతున్నారు. రోజుకు అయిదు పెద్ద నల్లులనో, ఇరవై గుడ్లనో తినగలదు. మన తోటల్లోనూ నియోసీయులస్ లాంజిస్పినోసస్ అనే వేటనల్లి సహజంగానే ఉంది. కొని తెచ్చుకోనక్కరలేదు, చంపకుండా ఉంటే చాలు. మందు కొట్టకుండా వేటనల్లితోనే సరిపెట్టుకున్న తోటలో కోతకు ముందు ఎలాంటి గడువూ పాటించే పని లేదని గుర్తుపెట్టుకోండి. అది చేసే పనికి అవశేషం ఉండదు.

ఇప్పుడు గడువు దగ్గరికి వద్దాం. ప్రతి మందుకూ, ప్రతి పంటకూ విడిగా ఒక నిరీక్షణ కాలం నిర్ణయిస్తారు. చివరిసారి మందు కొట్టిన దగ్గరి నుంచి కోత దాకా ఆగవలసిన రోజులు అవి. ఆలోపు ఎండ, గాలి, మొక్క పెరుగుదల కలిసి ఆ మందును విరగ్గొడతాయి. ఆ రోజులు గడిచాక కాయలో మిగిలే మందు, చట్టం ఒప్పుకున్న హద్దులోపు ఉండాలన్నది దీని వెనకున్న లెక్క. మన దేశంలో ఆ హద్దులను ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్ణయిస్తుంది. ప్రత్యేకంగా హద్దు పెట్టని మందుకైతే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. యూరోపు దేశాలు కూడా అలాంటి చోట ఇదే సంఖ్య వాడతాయి. ఇది ఎంత తక్కువో తెలియాలంటే, వంద టన్నుల బెండకాయల్లో ఒక్క గ్రాము మందు అన్నమాట. మన దేశం నుంచి యూరోపుకు వెళ్ళే బెండకాయ, కరివేపాకు మీద అవశేషాల కోసం అక్కడ ప్రత్యేక తనిఖీలు పెట్టారంటే, ఈ విషయంలో మన పేరు ఎలా ఉందో ఊహించుకోండి.

ఒకే మందుకు పంటను బట్టి గడువు ఎలా మారుతుందో చూడండి. నల్లుల మీద వాడే స్పైరోమెసిఫెన్ 22.9 శాతం మందుకు బెండ మీద, టమాటా మీద మూడు రోజులు. వంగ మీద అయిదు. మిరప మీద ఏడు. ఆపిల్ మీద ముప్పై. కాబట్టి ‘పక్కింటాయన వంగకు కొట్టాడు, నేను బెండకు కొడతా’ అన్న లెక్క నడవదు. సీసాతో పాటు మడిచిపెట్టిన కాగితం ఒకటి ఇస్తారు. అక్షరాలు చీమల్లా ఉన్నా సరే, పిల్లలచేత చదివించుకోండి. అందులో మూడు చూడాలి. మీ పంట పేరు ఉందా, మీ పంట మీద నల్లి పేరు ఉందా, చివరి గడిలో ఎన్ని రోజులు అని రాశారు. మీ పంట పేరు లేకపోతే ఆ సీసా మీది కాదు.

ఇక తోటలో ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదటి కోతకు ముందు నుంచే వారానికి రెండుసార్లు తోట నాలుగు మూలలా, రోడ్డువైపు సాళ్ళలో, మధ్యలో కొన్ని మొక్కల కింది ఆకులు తిప్పి చూడండి. నల్లి ఎప్పుడూ తోటంతా ఒకేసారి రాదు. మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది. ఆ మచ్చను దొరకబుచ్చుకున్నప్పుడు పని సగం అయిపోయినట్టే. బాగా పట్టిన ముదురు ఆకులను తుంచి అక్కడే పారేయకండి. సంచిలో వేసి మూతి కట్టి, తోట బయట గుంట తీసి పూడ్చండి. కోతకు వెళ్ళేటప్పుడు నల్లి లేని సాళ్ళు ముందు, ఉన్న సాళ్ళు చివర కోయించండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

తర్వాత నీళ్ళు. నవ్వకండి, ఒట్టి నీళ్ళే. వానాకాలంలో మంచి వాన పడితే నల్లి ఎందుకు తగ్గుతుంది? గూడు చిరిగిపోతుంది, నల్లులు కిందికి కొట్టుకుపోతాయి, గాలిలో తేమ పెరుగుతుంది. పవర్ స్ప్రేయరుతో పొద్దున్నే, ఆకు అడుగుభాగానికి తగిలేలా కింది నుంచి పైకి గట్టిగా నీళ్ళు కొడితే ఆ పని మనమే చేసినట్టు. మూడేసి రోజులకు ఒకసారి మూడుసార్లు కొట్టండి. పూత మీద మరీ ఒత్తిడి పెట్టకండి. మేడ మీద కుండీల్లో బెండ, చిక్కుడు, గులాబీ పెంచేవాళ్ళకు చాలావరకు ఇదొక్కటే సరిపోతుంది. కోసుకున్న కాయను అదే రోజు కూర చేసుకోవచ్చు.

నీళ్ళతో లొంగకపోతే వేప. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి ఒక గ్రాము సబ్బుపొడి. ముందు సబ్బును కొద్ది నీళ్ళలో కరిగించి, నూనె పోసి పాలలా తెల్లబారే దాకా గిలక్కొట్టి, ఆ తర్వాత మిగతా నీళ్ళలో కలపాలి. నూనె పైన తేలుతుంటే కలవలేదన్నమాట, అలాగే కొడితే ఆకు మాడుతుంది. అయిదు శాతం వేపగింజల కషాయమైనా మంచిదే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన వేప సబ్బు, కానుగ సబ్బు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. ఇవి నల్లికి తగిలితేనే పనిచేస్తాయి, గుడ్లన్నిటినీ చంపవు. అందుకని అయిదారు రోజులకు మళ్ళీ కొట్టాలి. ఎండ వేళ వద్దు, సాయంత్రం నాలుగున్నర తర్వాత కొట్టండి. 

నీళ్ళలో కలిసే గంధకం పొడి లీటరుకు మూడు గ్రాములు కూడా నల్లి మీద పాతకాలం నుంచి ఉన్న మందే. కానీ మన వేసవిలో దానికొక ఇబ్బంది ఉంది. ఎండ ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలు దాటాక గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టినా అంతే. దోస, బీర, సొర జాతి పంటలు దాన్ని తట్టుకోలేవు. ఏప్రిల్, మే నెలల్లో దాని జోలికి పోకపోవడమే మేలు.

పొగాకు కషాయం గురించి అడిగేవాళ్ళుంటారు. ఇంట్లో కాచినది కదా, ఏం కాదనుకోకండి. అందులో ఉండేది నికోటిన్, అది మనుషులకూ విషమే. కోతలు నడుస్తున్న తోటలో అది వద్దు.

ఇవన్నీ చేసినా నల్లి పెరుగుతూనే ఉంది, తోటలో ఇంకా నెల రోజుల కాపు మిగిలి ఉంది. అప్పుడు నల్లి మందు కొట్టాలి. కొట్టడమంటూ వస్తే ఇలా కొట్టండి.

సోమవారం పొద్దున కోత అనుకుందాం. ఆ రోజు చిన్నాపెద్దా అనకుండా అమ్మకానికి పనికొచ్చే కాయ మొత్తం కోసేయండి. సాయంత్రం ఎండ తగ్గాక మందు కొట్టండి. గడువు మూడు రోజులైతే గురువారం సాయంత్రానికి తీరుతుంది. శుక్రవారం కోసిన కాయ సంతకు పోవచ్చు. మధ్యలో బుధవారం కోత ఉంది. ఆ రోజూ కోయాలి, కోయకపోతే కాయ ముదిరి మొక్క కొత్త పూత తగ్గిస్తుంది. కానీ ఆ కాయ అమ్మకూడదు, ఇంట్లో వండకూడదు, పశువులకు వేయకూడదు. గుంటలో పూడ్చాలి. అంటే మూడు రోజుల గడువున్న మందుకు ఒక కోత నష్టం. ఏడు రోజుల గడువున్న మందైతే బుధ, శుక్ర, ఆది, మూడు కోతలు నష్టం. రెండు సీసాల ధర పోల్చుకునేటప్పుడు ఈ పోయే కోతల ధర కూడా కలిపి చూడండి. ఒక్కోసారి చవకగా కనిపించే సీసా, లెక్క తేల్చాక ఖరీదైనదని తెలుస్తుంది.

ఆ ఒక్క కోత నష్టాన్ని కూడా తగ్గించుకోవచ్చు. నల్లి మచ్చలుగా ఉందన్నాను కదా. మచ్చ ఉన్న చోట, దాని చుట్టూ మూడు నాలుగు సాళ్ళు మాత్రమే కొట్టి, అక్కడ కర్ర పాతి గుడ్డ కట్టండి. గుడ్డ కట్టిన చోట కాయ విడిగా కోసి పారేయండి, మిగతా తోట కాయ మామూలుగా అమ్ముకోండి. ఎకరం మొత్తం కొట్టాల్సి వస్తే అర ఎకరం ఒకరోజు, మిగిలిన అర ఎకరం వారం తర్వాత కొడితే చేతిలో ఎప్పుడూ కొంత అమ్మే కాయ ఉంటుంది.

కొట్టే తీరు కూడా ముఖ్యం. నల్లి ఆకు కింద ఉంటే మనం ఆకు పైన తడిపి వచ్చేస్తాం. నాజిల్‌ను పైకి తిప్పి, కింది ఆకుల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పది అడుగులు కొట్టాక ఆగి, ఒక ఆకు తిప్పి చూడండి. అడుగు తడవలేదంటే ఆ పది అడుగుల మందు వృథా. నీళ్ళు ఎకరానికి రెండు వందల లీటర్ల కంటే తగ్గించకండి. మూతతో కొలవడం మానండి, సీసాల మూతలన్నీ ఒకే కొలతలో ఉండవు. 

స్పైరోమెసిఫెన్ లాంటివి గుడ్లనూ పిల్లలనూ చంపుతాయి, పెద్దనల్లులు వెంటనే చావవు గానీ వాటి సంతానం ఆగిపోతుంది. మూడో రోజు పెద్దవి ఇంకా తిరుగుతున్నాయని కంగారుపడి ఇంకో మందు కొట్టకండి, వారం ఆగి చూడండి. ఇంకోసారి కొట్టాల్సి వస్తే మందు మార్చండి, కానీ నిజంగా మార్చండి. ఫెనజాక్విన్ కొట్టి, తర్వాత ఫెన్‌పైరాక్సిమేట్ కొడితే సీసా మీద పేరు మారింది గానీ నల్లి ఒంట్లో అది పనిచేసే దారి మారలేదు, రెండూ ఒకే వర్గం. మందులకు అలవాటు పడడంలో ఈ నల్లిది ప్రపంచంలోనే మొదటి వరస. ఇప్పటికి తొంభైకి పైగా మందులను తట్టుకున్న దాఖలాలు నమోదయ్యాయి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడితే నల్లి త్వరగా పోతుందనుకోవడం భ్రమ. పైగా గడువు ఏ మందును బట్టి లెక్కపెట్టాలో కూడా తెలియకుండా పోతుంది.

పెద్దవాళ్ళు కొందరు ఇంకా ‘డైకోఫాల్ ఉందా’ అని అడుగుతుంటారు. ఒకప్పుడు నల్లి అంటే అదే మందు. డీడీటీ నుంచి తయారయ్యే ఆ మందును అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2019లో నిషేధ జాబితాలో చేర్చారు, మన దేశంలో 2023లో నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధం వచ్చింది. ఎవరైనా ఇవి ఇస్తామంటే తీసుకోకండి.

ఇక్కడ మరచిపోకూడని మనుషులు ఇంకొందరున్నారు. కాయ కోసే ఆడకూలీలు. బెండ నూగు గుచ్చుకుంటుందని వేళ్ళకు గుడ్డ చుట్టుకుని, మధ్యాహ్నం దాకా ఆ సాళ్ళలోనే ఉంటారు. నిన్న సాయంత్రం కొట్టిన మందు ఈ పొద్దున మంచుతడితో కలిసి వాళ్ళ గుడ్డకూ, చేతులకూ, చీర కొంగుకూ అంటుకుంటుంది. అదే చేత్తో వక్కాకు వేసుకుంటారు, పసిపిల్లను ఎత్తుకుంటారు. మందు కొట్టిన సంగతి వాళ్ళకు చెప్పకుండా కోతకు పిలవడం తప్పు. గడువు అనేది తినేవాళ్ళకు ఎంత రక్షణో, కోసేవాళ్ళకూ అంతే రక్షణ. గడువులో పారేసే కాయ కోయించినా చేతులకు రబ్బరు తొడుగులివ్వండి, సబ్బు నీళ్ళు దగ్గర పెట్టండి.

చివరగా తోట ముగింపు దశ. ఇంకో వారంలో తోట పీకేస్తారు, మిగిలింది రెండు మూడు కోతలే. అప్పుడు నల్లి పట్టి ఆకులు రాగిరంగు తిరుగుతున్నాయి. చాలామంది అలవాటుగా ఇంకోసారి మందు కొడతారు. ఆ వారంలో వచ్చే కాయ ఇప్పటికే కొమ్మ మీద ఉంది. నల్లి తినేది ఆకును. ఇప్పుడు ఆకును కాపాడి మీకొచ్చే లాభమేమీ లేదు. పైగా ఆ మందు ఖర్చు, అది కాయ మీద మిగలడం. కాబట్టి ముగింపు వారంలో మందు ముట్టుకోకండి, ఉన్న కాయ కోసుకోండి. చివరి కోత అయిన రోజునే మొక్కలు పీకి కుప్పలు పెట్టకుండా పొలం నుంచి తీసేయండి. ఎండిన మొక్కల మీద నల్లి ఆకలితో కూర్చోదు, పక్కనున్న వంగకో చిక్కుడుకో ప్రయాణం కడుతుంది. గట్ల మీద కలుపు తీసేయండి. తర్వాతి పంటగా అక్కడే మళ్ళీ బెండ, వంగ వేయకుండా మొక్కజొన్నో, ఆకుకూరో వేసుకోండి.

పాలీహౌసు రైతులకు ఒక మాట. చేవెళ్ళ, మొయినాబాద్ వైపు గులాబీ, క్యాప్సికం వేసినవాళ్ళకు వాన సాయం ఉండదు, లోపల వేడి ఎక్కువ, కాబట్టి నల్లికి అది పుట్టిల్లు. మీరు వారానికి రెండుసార్లు కాదు, రెండురోజులకోసారి చూడాలి. లోపలికి వచ్చే మనిషి బయటి తోటల్లో తిరిగిన బట్టలతో రాకుండా చూసుకోవాలి. 

మీ మందు కాగితం అర్థం కాకపోతే, గడువు ఎంతో తెలియకపోతే ఊహించకండి. మీ మండల ఉద్యాన అధికారినో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. అడిగేటప్పుడు ‘నల్లికి ఏం కొట్టాలి’ అని ఆపేయకండి. ‘నాది బెండ, ఎల్లుండి కోత ఉంది, ఏం కొట్టవచ్చు’ అని అడగండి. కోత రోజు చెప్పి అడిగిన ప్రశ్నకే సరైన జవాబు వస్తుంది. ఒక్కోసారి ఆ జవాబు ‘ఏమీ కొట్టకండి’ అనే ఉంటుంది. అదీ మంచి సలహానే, తీసుకోండి.